పుట్టింటిది ఒక పార్టీ, అత్తింటిది ఇంకో పార్టీ, మధ్యలో నేను

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో టంగుటూరు దగ్గర ఒక పల్లె. పొగాకు రైతులం. మా నాయనకు 68 ఏళ్ళు. 1983 నుంచీ ఆయనది ఒకటే పార్టీ. ఊరి భూముల లెక్కలు రాసే కరణం ఇంటి ముందు మా తాత చెప్పులు చేతబట్టుకుని నిలబడేవాడట. ఆ కరణాలను తీసేసిన పార్టీని ప్రాణం పోయినా వదలనంటాడు నాయన. నాకు 2010లో పెళ్ళయింది. అత్తగారిది నెల్లూరు జిల్లా కలిగిరి వైపు. ఇప్పుడు కావలిలో కాపురం. ఈ ఇంటిది ఎదుటి పార్టీ. మా మామకు ఆరోగ్యశ్రీలో గుండె ఆపరేషన్ జరిగినప్పటి నుంచి ఇక్కడ ఇంకో మాట లేదు. అత్తమ్మ మాత్రం సారా ఉద్యమంలో తిరిగిన మనిషి. ఏ పార్టీనీ నమ్మదు. ఓటు మాత్రం మామ చెప్పినవాళ్ళకే వేస్తానంటుంది.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. 2019 దాకా నాయన చెప్పినవాళ్ళకే ఓటేశాను. 2020లో కరోనాకి స్కూలు మూసేశాక నెలల తరబడి జీతం లేదు, మా ఆయన వ్యాపారం కూడా ఆగిపోయింది. నాయన బాధపడతాడని పుట్టింట్లో చెప్పలేదు. ఆ తర్వాతి జనవరిలో అమ్మ ఒడి డబ్బు, పిల్లల చదువుకని ప్రభుత్వం తల్లులకు ఇచ్చినది, నా ఖాతాలో పడింది. అప్పటి నుంచి నా ఆలోచన మారింది. అలాగని అత్తింటి పార్టీ చేసిందల్లా నచ్చిందనీ కాదు. మద్యం విషయంలో వాళ్ళది తప్పేనంటే మా ఆయనకు కోపం. 2024లో ఎవరికి వేశానో ఎవరికీ చెప్పలేదు. దాంతో రెండిళ్ళలోనూ నా మీద అనుమానమే. మా ఆయన ఇప్పటికీ గుచ్చి గుచ్చి అడుగుతాడు.

మొన్న సంక్రాంతికి పుట్టింటికి పోయాం. ఈ పథకాలతో జనాన్ని సోమరిపోతులను చేశారని నాయన అన్నాడు. ఉండబట్టలేక, ‘నాయనా, ఆ డబ్బు లేకపోతే ఆ ఏడు నా పిల్ల ఫీజు కట్టలేకపోయేదాన్ని’ అన్నాను. బావలు, చిన్నాన్నలు అందరూ అక్కడే ఉన్నారు. ‘నీ నోట్లో మీ ఆయన మాట్లాడతన్నాడు’ అని లేచిపోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు. మే నెలలో మా పాప ఓణీల ఫంక్షన్‌కి తమ్ముడు సారె తెచ్చాడు గానీ నాయన రాలేదు. పంచాయతీ ఎన్నికల్లో తమ్ముడు సర్పంచ్‌గా నిలబడతాడట. ‘వచ్చి ఇంటింటికీ తిరగమను, అప్పుడు నా కూతురని నమ్ముతా’ అని కబురు పంపాడు. మా పాపేమో తాత దగ్గర నేర్చిన నినాదాన్ని ఇక్కడ, ఇక్కడిది అక్కడ అరిచి తిట్లు తింటోంది. ఇంతకీ ఇవి నా సొంత అభిప్రాయాలేనా, మొగుడి ఇంట్లో అంటుకున్నవా? నాయనతో ఎలా మాట్లాడాలి?

— ఒక సోదరి, కావలి

జవాబు:

మీ ఉత్తరంలో రాజకీయాల మాటలన్నీ పక్కన పెడితే ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. జీతం రాని సంగతి నాయన బాధపడతాడని పుట్టింట్లో చెప్పలేదన్నారు. సంక్రాంతి నాటి గొడవకు మొదలు అక్కడ ఉంది.

ఆ రోజు మీ నాయనగారి చెవికి ఏం చేరిందో ఒకసారి చూడండి. మీరు ఒక పథకం గురించి మాట్లాడారు. ఆయనకు మాత్రం తన కూతురు ఒకప్పుడు పిల్ల ఫీజు కట్టలేని స్థితిలో ఉందని మొదటిసారి తెలిసింది. అదీ అల్లుడి ఎదుట, బంధువులందరి ఎదుట. తను ఉండగా కూతురికి అంత కష్టం వచ్చిందనీ, తన గడపకు రాకుండా ఇంకెవరో ఇచ్చిన డబ్బుతో గట్టెక్కిందనీ, ఆ ఇచ్చినవాళ్ళు తను నలభై ఏళ్ళుగా ఎదిరిస్తున్న పక్షమనీ ఒక్క మాటలో తెలిసింది. పొగాకు రైతు అప్పు గురించైనా బయట మాట్లాడతాడేమో గానీ ఆడపిల్లకు పెట్టలేకపోయాడన్న మాట పడలేడు. దానికి ఆయన దగ్గర జవాబు లేక ‘మీ ఆయన మాట్లాడతన్నాడు’ అన్నాడు. అలా అనుకుంటే కూతురి కష్టం నిజం కాకుండా పోతుంది, మొగుడు నేర్పిన చిలకపలుకు అయిపోతుంది. తండ్రికి అది తేలిక.

అందుకని ఆయనతో ముందు మాట్లాడాల్సింది పార్టీ గురించి కాదు, 2020 గురించి. ఎలా మాట్లాడాలో తర్వాత చెప్తాను. ముందు మిమ్మల్ని తొలుస్తున్న ప్రశ్న చూద్దాం. మీ అభిప్రాయాలు మీవేనా?

మీ నాయనగారి అభిప్రాయం ఎక్కడి నుంచి వచ్చింది? ఆయన పుస్తకాలు చదివి తేల్చుకున్నది కాదు కదా. తన తండ్రి చెప్పులు చేతబట్టుకుని నిలబడటం చూశాడో, విన్నాడో. 1984 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు పదవులను రద్దు చేశారు. ఊళ్ళో ప్రతి సెంటు భూమి లెక్కా తరతరాలుగా ఒకే ఇంట్లో ఉండటం, ఆ ఇంటివాళ్ళకు కోపం వస్తే మన పొలం కాగితంలో ఇంకొకడి పేరు రావడం ఎలా ఉండేదో, ఫోన్‌లో అడంగల్ (భూమి రికార్డు) చూసుకునే పిల్లలకు చెప్పినా ఎక్కదు. అప్పటికి పాతికేళ్ళు దాటిన మీ నాయనకు ఆ రద్దు ప్రభుత్వ ఉత్తర్వులా అనిపించి ఉండదు. తండ్రికి జరిగిన అవమానాన్ని ఎవరో తుడిచేసినట్టు అనిపించి ఉంటుంది. మీ మామగారిదీ అంతే. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది. అంతకు ముందు గుండె ఆపరేషన్ అంటే మన పల్లెల్లో ఎకరమో రెండెకరాలో అమ్మడమే. అమ్మకుండా బతికి ఇంటికొచ్చిన మనిషి ఆ పేరు మరచిపోవాలనడం అన్యాయం.

రెండిళ్ళ వాళ్ళూ దాన్ని సిద్ధాంతం అనుకుంటున్నారు గానీ లోపల ఉన్నది కృతజ్ఞత. కృతజ్ఞతతో వాదించి గెలవడం కుదరదు. ఏ లెక్క తీసినా, ఏ అవినీతి కథ చెప్పినా వాళ్ళకు అది ఆ తండ్రి చెప్పుల మీదికో, ఆ గుండె మీదికో వస్తున్నట్టే ఉంటుంది.

ఇక మీ సంగతి. జీతం ఆగింది, ఖాతాలో డబ్బు పడింది, అదీ మీ పేరుమీద ఉన్న ఖాతాలో. ఆలోచన మారింది. మీ నాయన మారింది కూడా ఇదే దారిలో. ఆయనది అనుభవం అయి, మీది అంటుకున్నది ఎలా అవుతుంది?

మొగుడి ఇంటి ప్రభావం అసలు లేదని మాత్రం నేననను. పదిహేనేళ్ళు ఒకే గదిలో ఒకే టీవీ ఛానల్ చూస్తే కొంత అంటుతుంది. అమెరికాలో బెన్నింగ్టన్ అనే ఆడపిల్లల కాలేజీలో థియోడర్ న్యూకమ్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త 1930లలో ఒక అధ్యయనం చేశాడు. అక్కడ చేరినవాళ్ళలో ఎక్కువమంది డబ్బున్న, సంప్రదాయ రాజకీయాల కుటుంబాల పిల్లలు. చదువు పూర్తయ్యేసరికి చాలామంది ఇంటి రాజకీయాలకు దూరమయ్యారు. 1960ల మొదట్లో వాళ్ళను మళ్ళీ కలిస్తే ఎక్కువమంది కాలేజీలో మారినట్టే ఉన్నారు. భర్తలు, స్నేహితులు కూడా అదే ఆలోచనవాళ్ళయిన చోట ఆ మార్పు బాగా నిలబడింది. అంటే చుట్టూ ఉన్నవాళ్ళ చేయి మన ఆలోచనలో ఉంటుంది. ఒక తేడా ఉంది. వాళ్ళు భర్తను తామే చూసుకుని చేసుకున్నారు. మన దగ్గర సంబంధం కుదిర్చేటప్పుడు కులం, కట్నం, జాతకం అన్నీ అడుగుతారు గానీ అమ్మాయి ఆలోచన ఏమిటని అడిగినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు.

మీది అరువు అభిప్రాయం కాదనడానికి ఆధారం మీ ఉత్తరంలోనే ఉంది. మద్యం విషయంలో మీరు అత్తింటి పార్టీని తప్పు పట్టారు, అదీ ఆ ఇంట్లో ఉంటూనే, భర్త కోపం తెచ్చుకుంటాడని తెలిసీ. మొగుడి మాట మోసే మనిషి మొగుడికి కోపం వచ్చే మాట అనదు. రెండిళ్ళలోనూ తిట్లు తింటున్నారంటే మీ బుర్ర మీ భుజాల మీదే ఉంది.

మారడం కూడా సిగ్గుపడాల్సిన పని కాదు. మీ పుట్టింటి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ప్రకాశం పంతులుగారు బారిస్టరుగా బాగా సంపాదిస్తున్న వృత్తిని గాంధీ పిలుపుతో వదిలేశారు. జీవితమంతా ధారపోసిన కాంగ్రెస్‌ను 1951లో, ఎనభైకి దగ్గరపడిన వయసులో, వదిలి బయటికొచ్చారు. 1953లో అదే కాంగ్రెస్ మద్దతుతో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. అత్తింటి జిల్లాలో అలగానిపాడు భూస్వాముల ఇంట పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్యగారు గాంధీ సత్యాగ్రహంలో చిన్న వయసులోనే జైలుకెళ్ళి, ఆ తర్వాత కమ్యూనిస్టు అయ్యారు. పేరు చివరి రెడ్డిని కూడా తీసేసుకున్నారు. వాళ్ళను గోడమీద పిల్లులని ఎవరూ అనరు. పదవి కోసం పొద్దున ఒక కండువా, సాయంత్రం ఒక కండువా మార్చేవాళ్ళ కోసం పుట్టిన మాట అది. బతుకులో తగిలిన దెబ్బకు ఆలోచన మారినవాళ్ళకు తగిలించకూడదు.

మీ అత్తమ్మగారి గురించి రెండు వాక్యాలే రాశారు. నాకైతే మీ ఉత్తరంలో అందరికంటే ఆసక్తిగా అనిపించిన మనిషి ఆమే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా పల్లెల్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడులు నడిపింది. పగలంతా కూలికి పోయి వచ్చి పలక పట్టిన ఆడవాళ్ళు అక్షరాలతోపాటు తమ ఇంటి లెక్క కూడా చూసుకున్నారు. మొగుడి కూలి డబ్బు సారా కొట్టుకే పోతోందని తేలింది. దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992కల్లా అది జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 డిసెంబరు ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం హామీకి ఆడవాళ్ళు ఓట్లు గుమ్మరించారు. 1995 జనవరిలో నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఇంత చూసిన మనిషి ఏ పార్టీనీ నమ్మకపోవడంలో వింత ఏముంది? ఆ రోజుల్లో సారా తాగే మగవాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు, సారా అమ్మేవాళ్ళు కూడా. మామగారు చెప్పినవాళ్ళకే ఓటేస్తానని ఆమె అంటుందని రాశారు. వేస్తుందని రాయలేదు. ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని ఆ రోజుల గురించి అడగండి. ఈ ఇంట్లో మీకు తోడు దొరుకుతుందని నా నమ్మకం.

మీ ఆయన సంగతి. ఎవరికి ఓటేశావని అడగడం ఆయనకు భర్తగా చనువు అనిపిస్తుండొచ్చు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎవరికి ఓటేశారో చెప్పమని కోర్టులో సాక్షిని కూడా బలవంతం చేయకూడదు. వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు మీ ఒక్కరికే కనబడి పెట్టెలో పడిపోతుంది. అంత జాగ్రత్తగా దాచిన దాన్ని అన్నం వడ్డిస్తూ చెప్పాల్సిన పనిలేదు. గొడవ లేకుండా ఒక్కసారి స్పష్టంగా చెప్పండి: ‘మీ పార్టీకి వేశానని చెప్తే నమ్మవు, వెయ్యలేదని చెప్తే ఊరుకోవు. అందుకని చెప్పను. నువ్వెవరికి వేశావో నేనూ అడగను.’ మళ్ళీ అడిగితే మళ్ళీ ఇదే మాట. అబద్ధం చెప్పి తప్పించుకోవద్దు. అది రేపు ఇంకో అబద్ధం అడుగుతుంది. ఆయన అడగడం గుచ్చడంతో ఆగకుండా బెదిరింపుదాకా, చెయ్యెత్తేదాకా పోతే మాత్రం అది రాజకీయాల గొడవ కాదు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, నాకూ వెంటనే రాయండి. ఉత్తరాన్ని బట్టి అలాంటిదేమీ లేదనే అనుకుంటున్నాను.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు గురించి మీరు రాయలేదు గానీ ఉండే ఉంటుంది. మ్యూట్‌లో పెట్టండి. అందులో ఎవరికీ జవాబివ్వకండి, ఏదీ ఫార్వర్డ్ చేయకండి.

ఇప్పుడు నాయనగారు. తమ్ముణ్ణి మధ్యవర్తిగా పెట్టుకోకండి. అతను ఎన్నికల్లో నిలబడబోతున్నాడు. అతని అవసరాలు వేరు. మీరూ అమ్మాయీ వెళ్ళండి, మీ ఆయన లేకుండా. నలుగురూ ఉండే పండగకు వద్దు. పొగాకు వేలం జరుగుతున్న రోజుల్లో అయితే అసలే వద్దు. పొగాకు బేళ్ళు నోబిడ్ అయి, అంటే వేలంలో ఎవరూ పాడక, తిరిగొచ్చిన సాయంత్రం ఏ రైతు దగ్గరా మంచి మాట దొరకదు. 2015లో ధరలు పడిపోయినప్పుడు మీ జిల్లా పొగాకు రైతుల ఇళ్ళలో ఏం జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మీరు మీ కష్టం ఆయనకు చెప్పకుండా దాచినట్టే, ఆ ఏడాది ఆయన కూడా మీకు చెప్పకుండా దాచింది ఏదో ఉండి ఉంటుంది. నిదానంగా అడగండి.

టీవీ లేని చోట, పొగాకు కాల్చే బ్యారన్ దగ్గరో, పొలం గట్టునో కూర్చున్నప్పుడు మాట ఎత్తండి. ‘నాయనా, ఆ ఏడాది నాకు జీతం లేదు. నీకు చెప్తే పంటమీద ఉన్న అప్పు చాలక ఇంకో అప్పు చేసి పంపిస్తావని చెప్పలేదు. నలుగురిలో చెప్పాల్సిన మాట కాదు, అలా నోరుజారింది.’ ఇంతవరకే. పథకం మంచిదా చెడ్డదా అన్నది తేవద్దు. ఆయన తెచ్చినా, ‘దాని సంగతి ఇంకోసారి మాట్లాడదాం’ అనండి. క్షమాపణ ఆశించకండి. ఆ తరం మగవాళ్ళు క్షమాపణ నోటితో చెప్పరు. ‘అన్నం తిన్నావా’ అంటే అదే అనుకోండి. ఆయన లేచి వెళ్ళిపోయినా వెంటపడకండి. విన్నాడు, అది చాలు. తాళం తీయడానికి సమయం పడుతుంది.

మీ అభిప్రాయం మార్చుకున్నానని మాత్రం ఆయన్ను మెప్పించడానికి చెప్పకండి. మారలేదు కదా.

అమ్మాయి విషయంలో నాకు మీకంత టెన్షన్ లేదు. ఇంట్లో రాజకీయాలు ఎక్కువగా మాట్లాడుకునే తల్లిదండ్రుల పిల్లలు చిన్నప్పుడు వాళ్ళ పార్టీనే పట్టుకుంటారు. ఇల్లు దాటి బయటి మాటలు విన్నాక దాన్ని వదిలేసే అవకాశం కూడా వాళ్ళకే ఎక్కువ. బ్రిటన్, అమెరికా కుటుంబాల సమాచారంతో ఎలియాస్ దీనాస్ అనే పరిశోధకుడు 2014లో చూపించిన విషయమిది. మీరే దానికి ఉదాహరణ. కాబట్టి ఆ పిల్ల ఇవాళ అరిచే నినాదం రేపటి ఓటు కాదు. నినాదానికి తిట్టకండి. తాత దగ్గర కరణం కథ, నానమ్మ దగ్గర సారా కొట్టు కథ మొత్తం చెప్పించుకోమనండి, ఫోన్‌లో రికార్డు చేయమనండి. మనవరాలు అడిగితే మీ నాయన కాదనడు, మీతో మాట్లాడకపోయినా.

చివరిగా పంచాయతీ ఎన్నికలు. మీ ఓటు కావలిలో ఉంది కాబట్టి ఆ ఊళ్ళో మీరు వేయాల్సిన ఓటు లేదు. పైగా సర్పంచ్ ఎన్నిక పార్టీ గుర్తుల మీద జరగదు. ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు, అది వేరే సంగతి. తమ్ముడు నామినేషన్ వేసే రోజు వెళ్ళి బొట్టు పెట్టి, హారతి ఇచ్చి రండి. అక్కగా అది మీ హక్కు, మీ అత్తింటివాళ్ళు కాదనలేరు. అతను ఊరికి మంచి సర్పంచ్ అవుతాడని మీకు నమ్మకం ఉంటే ఆ మాట నలుగురిలో అనడానికీ వెనకాడక్కర్లేదు. ఇంటింటికీ తిరగమంటే మాత్రం తిరగలేనని నామినేషన్‌కు ముందే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పండి. ఆ రోజు గుమ్మంలో నిలబడి చెప్పవద్దు. అవతల అతనికి ఓట్ల లెక్క ఉంటుంది. ముందు తెలిస్తే మీ బదులు ఎవరిని తిప్పాలో చూసుకుంటాడు.